బహిరంగ లేఖ: పిల్లల అవయవ మార్పిడికి ముందు ఒక్క వాక్యం సర్టిఫికెట్ చాలదు

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కాలేయమో కిడ్నీయో మార్చాల్సిన పిల్లల ఫైల్లో రక్తపరీక్షలు, స్కాన్లు, టీకాల వివరాలు కట్టలుగా ఉంటాయి. బిడ్డ మనసు, ఇంటి పరిస్థితి గురించి మాత్రం చాలాసార్లు ఒకటే ముక్క: ‘కౌన్సెలింగ్ చేశాం, ఫిట్’. అదీ ఆపరేషన్‌కు ఒకట్రెండు రోజుల ముందు. ఈ ముక్క బదులు బిడ్డ మనసును, ఇంటి పరిస్థితిని ముందుగానే సరిగ్గా మదింపు చేయాలని కోరుతున్నాం.

కొత్త అవయవం నిలవాలంటే, ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ లాంటి మందులు 12 గంటలకోసారి తప్పకుండా పడాలి. రక్తంలో మందు ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్షకు పొద్దుటి డోసు వేయకముందే రక్తం ఇవ్వాలి. ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కిన తల్లి, ఎనిమిదయిందని బస్టాండులోనే మందు వేసేస్తుంది. లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, డోసు తగ్గిస్తారు, ఒళ్లు ఆ అవయవాన్ని తిప్పికొట్టడం మొదలుపెడుతుంది. ఆమెకు అర్థమయ్యేలా ముందే ఎవరూ చెప్పలేదు, అంతే.

‘మందులు సరిగ్గా వేస్తున్నారా’ అని అడిగితే ఎవరైనా వేస్తున్నామనే అంటారు. ఖాళీ స్ట్రిప్పులు తెమ్మనాలి. అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాము క్యాప్సూళ్లు ముందు పెట్టి రాత్రి డోసు తీసి చూపమనాలి. నాట్ల రోజుల్లో అమ్మ తెల్లారకముందే పొలానికి పోతే మందు ఎవరిస్తారో, ఆ మనిషి పేరు రాసుకోవాలి. డయాలసిస్ మీదున్న పిల్లల్లో ఫాస్ఫరస్ పదేపదే ఎక్కువ వస్తుంటే, దాన్ని తగ్గించడానికి అన్నంతో వేయాల్సిన మాత్రలు మానేస్తున్నారేమో చూడాలి.

పన్నెండు దాటిన పిల్లలతో కాసేపు విడిగా మాట్లాడాలి. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బిందని మందులు మానేసే ఆలోచన అమ్మానాన్నల ఎదుట బయటపడదు. గురుకులంలో చదివే బిడ్డయితే మాత్రల డబ్బా ఎవరి దగ్గర ఉంటుందో వార్డెన్‌తో ముందే తేల్చుకోవాలి. చిన్నపిల్లలకు ‘చిన్న ఇంజెక్షనే’ అని చెప్పకూడదు. కోత ఎక్కడ పడుతుందో, ఐసీయూలో ఏ పైపులుంటాయో బొమ్మ మీద చూపాలి.

దాత తల్లే అయితే, అత్తమామలు, భర్త లేని గదిలో వేరే కౌన్సెలర్ మాట్లాడాలి. వద్దనే అవకాశం ఆమెకు నిజంగా ఉండాలి. తల్లీబిడ్డలిద్దరూ ఒకే రోజు ఆపరేషన్ థియేటర్‌కు వెళ్తే బిడ్డ పక్కన ఎవరుంటారు? ఇంట్లోని చంటిదాన్ని ఎవరు చూస్తారు?

ఇదంతా పేద కుటుంబాలను ఏరివేసే జల్లెడ కాకూడదు. లోటు కనిపిస్తే దాన్ని ఎవరు, ఎప్పటికి పూడుస్తారో రాయాలి. అందుకే ఆపరేషన్‌కు వారాల ముందే మొదలుపెట్టి, కనీసం మూడుసార్లు కూర్చోవాలంటున్నాం. హఠాత్తుగా కాలేయం దెబ్బతిన్న కేసుల్లో అంత వ్యవధి ఉండదు. అక్కడ అత్యవసరమైనవి ముందు అడిగి, మిగతాది డిశ్చార్జికి ముందు పూర్తిచేయవచ్చు.

మన అసెంబ్లీ 2025లో ఆమోదించిన అవయవ మార్పిడి కేంద్ర చట్ట సవరణ ప్రకారం ప్రతి మార్పిడి ఆసుపత్రిలో ఆ పనులు చూసే కోఆర్డినేటర్ ఉండాలి. కానీ ఆ మనిషి రోజంతా అనుమతి కాగితాలకే సరిపోతోంది. పిల్లల కేసులకు సైకాలజిస్టును, సోషల్ వర్కర్‌ను విడిగా కేటాయించండి. ఆరోగ్యశ్రీలో ఈ మదింపుకు, ఆపరేషన్ తర్వాతి ఏడాది ఫాలోఅప్‌కు వేరే చెల్లింపు పెట్టండి. పెద్దల వార్డుకు మారే ముందు, అంటే 16 ఏళ్ల ప్రాంతంలో, మళ్లీ మదింపు చేయాలని మీరిచ్చే ఉత్తర్వులోనే రాయించండి.

ఇట్లు,
పిల్లల అవయవ మార్పిడి విభాగాల కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు