కౌన్సిల్‌కు యాభై పెన్నీలు, మాకు ఒక పౌండు

ప్రియ మిత్రమా,

గుంటూరులో అందరూ క్షేమమని, చెల్లెమ్మకు మోకాలి నొప్పి తగ్గి మళ్లీ పొద్దున్నే నడకకు వెళుతోందని తెలిసి సంతోషించాను. మొన్న ఫోనులో "మీ కౌన్సిల్‌తో మీకొచ్చిన తగాదా ఏమిటి?" అని అడిగావు. అది ఫోనులో తెమిలేది కాదు. మున్సిపల్ రెవెన్యూ విభాగంలో అన్నేళ్లు పనిచేసినవాడివి, ఇలాంటి లెక్క నీకు చెబితేనే నాకు తృప్తి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇంగ్లండులో కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిది. ఇక్కడ ఇళ్లకు కౌన్సిల్ టాక్స్ ఉంటుంది. దుకాణాలు, ఆఫీసులు, గోదాములు, హాళ్లకు బిజినెస్ రేట్స్ అని వేరే పన్ను. ఆంధ్రలో 2021 నుంచి అద్దె విలువ వదిలేసి మూలధన విలువ మీద ఆస్తి పన్ను వేయడం మొదలుపెట్టారు కదా, ఇక్కడ ఇప్పటికీ అద్దె విలువే ఆధారం. ఒక ప్రభుత్వ సంస్థ ప్రతి ఆస్తికీ ఏడాదికి ఎంత అద్దె రావచ్చో అంచనా కడుతుంది. దాన్ని రేటబుల్ విలువ అంటారు. ఆ విలువ మీద పౌండుకు ఎన్ని పెన్నీలు కట్టాలో కేంద్ర ప్రభుత్వం చెబుతుంది. 2025-26లో చిన్న ఆస్తులకు 49.9 పెన్నీలు, అంటే దాదాపు సగం. విలువ కట్టేది ఒకరు, రేటు పెట్టేది ఇంకొకరు. నోటీసు పంపి వసూలు చేసేది, జనం తిట్లు తినేది మాత్రం స్థానిక కౌన్సిల్. ఆ బాధ నీకు తెలియనిది కాదు.

ఇక మా సంగతి. మేము నడిపే హాలులో వారం మధ్యలో పెద్దవాళ్లకు మధ్యాహ్న భోజనం, శనివారాల్లో పిల్లలకు తెలుగు తరగతులు. భోజనానికి మనవాళ్లే కాదు, గుజరాతీలు, పంజాబీలు, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఇంగ్లీషు అవ్వలు కూడా వస్తారు. హాలు రేటబుల్ విలువ 20,000 పౌండ్లు. మామూలు వ్యాపారమైతే ఆ 2025-26 రేటుతో ఏడాదికి సుమారు 10,000 కట్టాలి. మాది రిజిస్టరైన చారిటీ కాబట్టి 1988 నాటి చట్టం ప్రకారం 80 శాతం తగ్గించి తీరాలి. అది కౌన్సిల్ దయ కాదు, మా హక్కు. మిగిలిన 20 శాతం, అంటే ఆ 2,000 పౌండ్లు, తగ్గించాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా కౌన్సిల్ ఇష్టం. దీన్ని విచక్షణ రాయితీ అంటారు. ఇన్నాళ్లూ మాకు అదీ ఇచ్చారు. ఇప్పుడు 2027 ఏప్రిల్ నుంచి ఊళ్లో ఏ చారిటీకీ ఇవ్వకూడదని ప్రతిపాదన పెట్టారు.

కౌన్సిల్ చేతిలో డబ్బు లేదన్నది నిజమే. 2023లో బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ లాంటి పెద్ద నగరాల కౌన్సిళ్లే బడ్జెట్ సరితూగడం లేదని చట్టప్రకారం నోటీసులు ఇచ్చాయి. వృద్ధుల సంరక్షణ ఖర్చు, ఇల్లు లేనివాళ్లకు తాత్కాలిక వసతి ఖర్చు ఏటా పెరుగుతున్నాయి. మా కౌన్సిలర్లు దుర్మార్గులని నేను అనను. కానీ ఈ పొదుపు లెక్క చూడు.

2013 నుంచి వసూలైన బిజినెస్ రేట్స్‌లో సుమారు సగం స్థానికంగా ఉంటుంది, మిగతా సగం కేంద్రానికి వెళుతుంది. రాయితీ ఇస్తే ఆ నష్టం కూడా అదే లెక్కన పంచుకుంటారు. కాబట్టి మా దగ్గర ఒక పౌండు అదనంగా వసూలు చేస్తే మా ఊరికి మిగిలేది యాభై పెన్నీలే. మా 2,000 పౌండ్లలో వెయ్యి ఊరు దాటిపోతుంది! ఊళ్లో ఊరివాళ్ల కోసమే ఖర్చయ్యే డబ్బును ఊరే బయటికి పంపడం నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడటం లేదు. ఆ వెయ్యి కోసం భోజనాలు తగ్గించి, చలికాలంలో హాలు మూసేస్తే, ఆ పెద్దవాళ్లలో ఒక్కరు మంచాన పడినా సంరక్షణ ఖర్చు కౌన్సిల్ మీదే పడుతుంది. కొద్ది వారాల్లోనే ఆ వెయ్యి హరించుకుపోతుంది.

మా పక్క వీధిలో మన తెలుగు దంపతులు నడిపే రెస్టారెంటు ఉందని చెప్పాను కదా, వాళ్ల కథ ఇంకో రకం. దాని రేటబుల్ విలువ 24,000. పూర్తి పన్ను 11,976 పౌండ్లు. కోవిడ్ తరువాత దుకాణాలకు, హోటళ్లకు ఇచ్చిన రాయితీ 2024-25లో 75 శాతం ఉండేది, కాబట్టి 2,994 కట్టారు. 2025 ఏప్రిల్‌లో దాన్ని 40 శాతానికి తగ్గించారు, బిల్లు ఒక్కసారిగా 7,186కు చేరింది. ఆ అమ్మాయి నోటీసు పట్టుకొచ్చి నాకు చూపించి "అంకెల్లో ఏదో పొరపాటు జరిగిందా అంకుల్?" అని అడిగింది. పొరపాటేమీ లేదు. వాళ్లు కౌన్సిల్‌ను తిట్టారు కానీ అది కేంద్రం నిర్ణయం. ఆ రాయితీ కౌన్సిల్ చేతుల మీదుగా ఇచ్చినా ప్రతి పౌండునూ కేంద్రమే తిరిగి ఇచ్చేది. చారిటీల 20 శాతంలో సగం మాత్రం కౌన్సిల్ సొంత జేబులోంచి పోతుంది. కత్తెర ముందు మా మీద పడటానికి కారణం అదే.

చిన్న వ్యాపారాలకు ఇంకో రాయితీ ఉంది. ఒకే ఆస్తి ఉండి, దాని విలువ 12,000 లోపు ఉంటే పన్నే లేదు. అక్కడి నుంచి 15,000 వరకు రాయితీ క్రమంగా తగ్గుతూ పోతుంది. కానీ దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతి తెలియని వాళ్లు ఉంటారు. మన మంగలి షాపులకు, కిరాణా కొట్లకు ఈ విషయం ఇంటింటికీ వెళ్లి చెప్పాలని నా కోరిక.

అన్నట్టు, అక్కడ గుళ్లకు పన్ను లేనట్టే ఇక్కడా ప్రార్థనా మందిరాలకు పూర్తి మినహాయింపు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆకలికి అన్నం పెట్టే హాలును కూడా అంతే గౌరవంగా చూడమని అడుగుతున్నాను, అంతే.

అందరికీ నూటికి నూరు శాతం ఇమ్మని కూడా నేను అనడం లేదు. దేశమంతా శాఖలుండి, బ్యాంకులో కోట్ల నిల్వలున్న పెద్ద చారిటీ మా బజారులో పాత బట్టల దుకాణం పెడితే దానికి 80 శాతం చాలు. ఒక్క ఊళ్లోనే ఉంటూ, జీతం లేని మనుషులతో నడిచే సంస్థల సంగతి వేరు. నిల్వ ఎంత ఉంది, తలుపు అందరికీ తెరిచి ఉందా, ఈ పని ఆగిపోతే ఊళ్లో ఇంకెవరు చేస్తారు అని అడిగి, వచ్చి కళ్లారా చూసి నిర్ణయించాలి. చట్టం విచక్షణ అన్న మాట వాడింది అందుకే. ఎవరికీ ఇవ్వం అని ఒక్క గీత గీసేస్తే ఇక ఆ విచక్షణ ఎక్కడుంది?

ఒక మంచి సంగతి కూడా ఉంది. గడువు పెట్టకుండా ఇచ్చిన రాయితీని ఉపసంహరించుకోవాలంటే కనీసం ఏడాది ముందు నోటీసు ఇవ్వాలని 1989 నాటి నిబంధన. మాకు ఇచ్చింది అలాంటిదే. అందుకే 2027 దాకా ఆగుతున్నారు. ఈలోగా ఊళ్లోని చిన్న సంస్థలన్నిటినీ కూడగడుతున్నాను. యువకుల బాక్సింగ్ క్లబ్బు, చెవిటివారి సంఘం, వికలాంగ పిల్లల తల్లులు నడిపే ఆటల కేంద్రం ఇప్పటికే కలిశాయి. కౌన్సిల్ సమావేశంలో మాట్లాడటానికి మూడే నిమిషాలు ఇస్తారు. భోజనానికి వచ్చే ఒక పంజాబీ పెద్దాయన తానే మాట్లాడతానన్నాడు. నేను వెనక కూర్చుని, యాభై పెన్నీల లెక్క ఉన్న కాగితాన్ని ప్రతి కౌన్సిలర్ చేతిలో పెట్టాలనుకుంటున్నాను.

నీతో ఒక పని ఉంది. ఆ కాగితం తయారుచేసి వచ్చే వారం పంపుతాను. రెవెన్యూ అధికారి కుర్చీలో కూర్చున్నట్టుగా చదివి, ఎక్కడ మమ్మల్ని పడగొట్టవచ్చో మొహమాటం లేకుండా చెప్పు. నిల్వల గురించి వాళ్లు తప్పకుండా అడుగుతారు. నువ్వైతే ఇంకేమి అడుగుతావో రాయి. పిల్లలకు ఆశీస్సులు.

నీ
మిత్రుడు