తొక్కలకూ టెంకలకూ క్లస్టర్ లేదా?

సంపాదకుల వారికి,

శ్రీసిటీ పారిశ్రామికవాడ గురించో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ (ఒకే చోట ఉన్న పరిశ్రమల సమూహం) గురించో వార్త వచ్చినప్పుడల్లా పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అన్న లెక్కలే కనిపిస్తాయి. టన్ను సరుకుకి ఎన్ని నీళ్లు, ఎంత కరెంటు పట్టింది, ఎంత వ్యర్థం మిగిలిందన్నది ఎవరూ అడగరు. హరిత ఉత్పాదకత అంటే ఆ లెక్కే.

మా చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలనే చూడండి. జూన్, జూలైల్లో తోతాపురి ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరతాయి. గుజ్జు డ్రమ్ముల్లోకి పోతుంది. తొక్కలు, టెంకలు రోడ్డు పక్కకు చేరతాయి. ఒక్క వాన పడితే చాలు, పులిసిన కంపుకి, ఈగలకి బస్సులో అద్దాలు మూసుకోవాల్సిందే. ఆ తొక్కలతో బయోగ్యాస్ తీయొచ్చు. టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వుకి సౌందర్య సాధనాల్లో గిరాకీ ఉంది. కానీ సీజన్‌లో మాత్రమే నడిచే చిన్న యూనిట్ సొంతంగా ప్లాంటు ఎక్కడ పెట్టగలదు?

క్లస్టర్ ఉన్నది అందుకే కదా! సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం కింద ఉమ్మడి వసతుల కేంద్రాలకు కేంద్రం గ్రాంటు ఇస్తుంది. వచ్చే సీజన్‌లోపు కాలుష్య నియంత్రణ మండలి, పరిశ్రమల శాఖ యజమానులను కూర్చోబెట్టి ఉమ్మడి ప్లాంటు సంగతి తేల్చాలి. రాయితీలను కూడా నీటి వాడకం, వ్యర్థాల లెక్కలతో ముడిపెట్టాలి.

– ఒక పాఠకుడు, చిత్తూరు