ఉల్లిపొర కణాన్ని మా పిల్లలకు చూపించండి: విద్యాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాధికారి గారికి,

నమస్కారం. మాది గుంటూరు. రెండుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నాను.

ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఉల్లిపొర కణాల బొమ్మకు పూర్తి మార్కులు తెచ్చుకుంది. కానీ ఆ కణాన్ని తను ఎప్పుడూ చూడలేదు. బడిలో ఉన్న ఒక్క మైక్రోస్కోపు బీరువాలోనే ఉంటుంది. పిల్లల చేతికిస్తే పాడవుతుందేమో, తానే కట్టాల్సి వస్తుందేమో అని మాస్టారికి టెన్షన్. ఆయన్ని నేను తప్పుపట్టను.

దీనికి లక్షలు అక్కర్లేదండీ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ కాగితం మడిచి చేసుకునే మైక్రోస్కోపు. పూసంత కటకం ఒక్కటే ఉన్నా 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. కరెంటు అక్కర్లేదు, కింద పడ్డా పగలదు. ఉల్లిపొర కణాలకు అది చాలు. 17వ శతాబ్దంలో డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ నీటిబొట్టులో సూక్ష్మజీవులను చూసిందీ ఒంటి కటకంతోనే.

ఈ విద్యా సంవత్సరంలోనే ఇద్దరు పిల్లలకొకటి చొప్పున ఇలాంటివి ఇప్పించండి. సైన్సు మాస్టార్లకు ఒకరోజు శిక్షణ పెట్టించండి. వాడకంలో పాడైతే మాస్టారి మీద భారం పడదని ఉత్తర్వు ఇవ్వండి. నెలలోగా రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి, గుంటూరు