ఉమేశ్ రెడ్డిని ఎందుకు ఉరి తీయలేదంటే

కడప

అమ్మా స్రవంతీ,

నువ్వు పంపిన వీడియో చూశాను. అన్ని అత్యాచారాలూ హత్యలూ చేసిన ఉమేశ్ రెడ్డి బెంగళూరు పరప్పన అగ్రహారం జైల్లో ఫోన్లు పెట్టుకుని తాపీగా కూర్చున్నాడు, టీవీ కూడా ఉంది. "ఇట్లాంటివాణ్ణి ఉరి తీయకుండా మేపుతున్నారా నాన్నా? నువ్వు జైల్లో పనిచేసినవాడివి కదా, చెప్పు" అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది. పైగా మీ అమ్మ పక్కనుంటే ఈ మాటలు ఎత్తనివ్వదు. అందుకని రాస్తున్నా.

కోర్టు కాగితాల్లో వాడి పేరు బి.ఎ. ఉమేశ్. చివర్న రెడ్డి చూసి మనవైపు వాడేమో అనుకుంటారు గానీ, చిత్రదుర్గ జిల్లా వాడు. మొదట సీఆర్పీఎఫ్‌లో చేరాడు. జమ్మూ కశ్మీర్‌లో డ్యూటీలో ఉన్నప్పుడు తన కమాండెంట్ కూతురి మీదే అత్యాచారానికి ప్రయత్నించి, అక్కడినుంచి పారిపోయి వచ్చాడు. అట్లాంటివాడు 1996లో చిత్రదుర్గ జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల్లో మళ్ళీ కానిస్టేబుల్ అయ్యాడు! మామూలు వార్డర్ ఉద్యోగానికే సొంతూరి స్టేషన్ నుంచి రిపోర్టు వచ్చేదాకా మాకు ఆర్డర్ చేతికివ్వలేదు. వాడి విషయంలో ఆ వెరిఫికేషన్ ఏమైపోయిందో.

ఆ ఏడాది చివర్లో చిత్రదుర్గలో ఒక స్కూలు పిల్ల మీద పడ్డాడు. ఆ పిల్ల గింజుకుని తప్పించుకుంది. ఆ తర్వాత వాడి చేతికి చిక్కిన ఇంకో పిల్ల ప్రాణాలతో బయటపడలేదు. 1997 జనవరి 26న పరేడ్ జరుగుతుంటే పోలీసుల వరుసలో వాడు కూడా నిలబడి ఉన్నాడు. తప్పించుకున్న ఆ పిల్ల చూసి గుర్తుపట్టింది. స్కూలుకెళ్ళే పిల్ల, అంతమంది పోలీసుల మధ్య ఉన్న పోలీసును చూపించి వీడే అని చెప్పడమంటే ఎంత గుండె కావాలి! ఆ ధైర్యంలో సగం పెద్దవాళ్ళు చూపించినా కథ అక్కడితో అయిపోయేది. కాలేదు. కొన్నాళ్ళకే, బళ్ళారి జైలు నుంచి తీసుకెళ్తుంటే ఎస్కార్ట్ నుంచి తప్పించుకున్నాడు. ఆ తర్వాత ముంబై, పూణే, అహ్మదాబాద్, బెంగళూరు, ఎక్కడికెళ్తే అక్కడ అదే పని. పేర్లు మార్చుకుంటూ తిరిగాడు.

ఉరిశిక్ష పడింది మాత్రం ఒకే కేసులో. 1998 ఫిబ్రవరి 28న బెంగళూరు పీణ్యలో ఒక వితంతువును ఇంట్లోనే చెరిచి చంపాడు. ఆమె కొడుక్కి అప్పుడు ఏడేళ్ళు. ఆడుకుని ఇంటికి వచ్చేసరికి వీడు లోపల ఉన్నాడు. నేను మీ మామయ్యను, మీ అమ్మకు దయ్యం పట్టింది, అందుకే కట్టేశాను, డాక్టర్ని పిలుచుకొస్తా అని చెప్పి, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్లవాడు తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాడు. రెండు రోజులకు ఇంకో ఇంట్లో అదే పనికి దిగి జనానికి దొరికిపోయాడు. మళ్ళీ తప్పించుకున్నాడు. 2002 మేలో యశ్వంతపూర్ దగ్గర దొరికాక ఇంక బయటికి రాలేదు. వాడి మీద పెట్టిన కేసుల్లో కొన్నిట్లో శిక్ష పడింది, కొన్ని కొట్టేశారు. పోలీసుల దాకా రాకుండా ఇళ్ళలోనే ఉండిపోయినవి ఎన్నో ఎవరు చెప్పగలరు? పరువు పోతుందని నోరు కట్టేసుకోవడం వాడికి బాగా కలిసొచ్చింది.

ఇక నువ్వడిగిన ఉరి సంగతి. 2006 అక్టోబర్లో బెంగళూరు ఫాస్ట్‌ట్రాక్ కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టులో ఇద్దరు జడ్జీలూ నేరం వీడే చేశాడన్నారు గానీ, శిక్ష దగ్గర ఒకరు ఉరి అన్నారు, ఒకరు యావజ్జీవం చాలన్నారు. మూడో జడ్జి దగ్గరికి పోతే 2009లో ఆయన ఉరే ఖాయం చేశారు. 2011లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. 2013 మేలో రాష్ట్రపతి క్షమాభిక్ష కాదన్నారు. ఇంత జరిగాక 2022 నవంబర్ 4న, సుప్రీంకోర్టులో అప్పటి చీఫ్ జస్టిస్ లలిత్ ఉన్న బెంచి ఉరిని యావజ్జీవంగా మార్చింది. జాలిపడి కాదు. క్షమాభిక్ష ఆలస్యమైందన్న వాదన కూడా ఒప్పుకోలేదు. కారణం జైలు వాళ్ళు చేసిన పని.

ఇది నీకు అర్థమయ్యేట్టు చెప్పాలి. ఒంటరి ఖైదు అనే శిక్ష వేసే అధికారం కోర్టుదే, జైలుది కాదు. కోర్టు వేసినా మొత్తం కలిపి మూడు నెలలు దాటకూడదు, అది కూడా ఒక్క దఫా పద్నాలుగు రోజులకు మించకూడదు. పాత ఐపీసీ 73, 74 సెక్షన్లు అవి. ఇప్పుడు వచ్చిన న్యాయ సంహితలోనూ అట్లాగే ఉన్నాయి. మరి 1894 ప్రిజన్స్ యాక్ట్‌లో, ఉరిశిక్ష పడినవాణ్ణి విడిగా సెల్లులో పెట్టి రాత్రింబవళ్ళు కాపలా కాయాలని ఉంది కదా అంటావేమో. ఉంది. కానీ ఉరిశిక్ష పడినవాడు అంటే ఎవరు? 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అప్పీళ్ళన్నీ అయిపోయి, క్షమాభిక్ష కూడా పోయి, ఇంక ఉరి తప్ప దారి లేదన్నప్పుడే వాడు ఆ లెక్కలోకి వస్తాడు. అప్పటిదాకా మిగతా ఖైదీల్లో ఒకడే.

బెళగావి హిండలగా జైల్లో వీణ్ణి 2006 నుంచే, అంటే కింది కోర్టు తీర్పు వచ్చిన నాటినుంచే, విడిగా ఒంటరిగా పెట్టారు. 2016 దాకా, సుమారు పదేళ్ళు. అందులో మొదటి ఆరున్నరేళ్ళు క్షమాభిక్ష తేలకముందువే. బాత్రా తీర్పు వచ్చి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ తీర్పు సంగతి మాకు ట్రైనింగులోనే చెప్పారు. సుప్రీంకోర్టు అదే పట్టుకుంది. ముప్పై ఏళ్ళు అసలు శిక్ష పూర్తయ్యేదాకా రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు, మాట ఎత్తడానికి వీల్లేదని, ఆ తర్వాతా రెమిషన్ రాకపోతే చచ్చేదాకా లోపలే అని రాసింది.

నా మాట అడుగుతావు కాబట్టి చెప్తున్నా. వాణ్ణి ఉరి తీసి ఉంటే నాకేమీ బాధ ఉండేది కాదు. కానీ వాడి ఉరి తప్పించింది వకీళ్ళూ జడ్జీలూ అని నువ్వనుకుంటున్నావు చూడు, అది నిజం కాదు. చట్టం ఒకటి చెప్తుంటే, వీడు ఎట్లాంటివాడో అందరికీ తెలుసు కదా, వీడికి రూలేమిటి అనుకున్న ఆఫీసర్లే తప్పించారు. జైల్లో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. చెడ్డవాణ్ణి రూలు దాటి తొక్కిపెడితే ఎవరూ అడగరు. మా డ్యూటీల్లో కూడా అట్లాంటి ఖైదీని లాకప్ లెక్క (సెల్లుల్లోకి పంపి తలలు లెక్కపెట్టడం) దగ్గర రెండు దెబ్బలు ఎక్కువేస్తే శభాష్ అనేవాళ్ళే ఉండేవాళ్ళు.

నువ్వు పంపిన వీడియోను నేను ఈ సంగతితోనే ముడిపెడతాను. ఖైదీ చేతికి ఫోన్ దానంతటది రాదు. గేటు దగ్గర తనిఖీ, బ్యారక్ సోదా, రాత్రి రౌండు, ఇన్ని దాటాలి. ఛార్జింగ్ పెట్టుకోవడానికి కరెంటు కావాలి. ఎవడో ఒకడు కళ్ళు మూసుకుంటేనే అవుతుంది. నీకు ఆ ఫోన్ చూసి ఒళ్ళు మండింది. నాకు ఆ పదేళ్ళ సెల్లూ, ఈ ఫోనూ ఒకే గూటి పక్షుల్లాగా కనిపించాయి. అప్పుడు రూలు దాటి బిగించారు, ఇప్పుడు రూలు దాటి వదిలేశారు. నీ కోపం తీర్పు మీద కాకుండా అటు తిప్పితే నేనూ నీతో కలుస్తాను.

ఇంకొకటి, ఇది నీ కోసం. వాడు ఎక్కువగా పగలు పదకొండు నుంచి మూడింటి మధ్య, మగవాళ్ళు పనికి పోయిన టైం చూసుకుని వచ్చేవాడు. తాళాలు పగలగొట్టి కాదు. అడ్రస్ అడిగో, తాగడానికి నీళ్ళు అడిగో తలుపు తీయించేవాడు, తర్వాత కత్తి చూపించేవాడు. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని అంటావు, పగలంతా ఒక్కదానివే. డెలివరీ పిల్లలందరినీ అనుమానించమని కాదు, వాళ్ళ కష్టం వాళ్ళది. మీ తలుపుకు గొలుసు లేదు, మొన్న వచ్చినప్పుడు చూశాను. ఓనర్ని అడుగు. ఆయన నసిగితే నువ్వే కార్పెంటర్‌ని పిలిచి వేయించు, డబ్బులు నేను పంపిస్తాను.

నాన్న