హ్యామ్‌స్టర్‌కి ఆ పంజరం చాలదు

సంపాదకుడు గారికి నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లలకు ఏం కొనివ్వాలో చెబుతూ మీరు వేసిన పేజీ చదివాను. ఫ్లాట్‌లో ఉండేవాళ్లు కుక్కపిల్ల జోలికి పోకుండా ఎలుక లాంటి చిన్న పెంపుడు ప్రాణి హ్యామ్‌స్టర్‌ని తెచ్చుకుంటే మేలు, చిన్న పంజరంలో ఓ మూలన పడి ఉంటుంది అని రాశారు. కుక్క సంగతి ఒప్పుకుంటాను. ఆ "ఓ మూలన పడి ఉంటుంది" అన్నదే మింగుడు పడలేదు, ఎందుకంటే మా దగ్గర షాపులవాళ్లు కూడా అచ్చం ఇదే మాట చెప్పి అంటగడుతున్నారు, ఇప్పుడు పేపర్లో కూడా వచ్చిందంటే ఇక వాళ్లని అడిగేదెవరు?

మాది మహారాష్ట్రలోని బల్లార్షా. చంద్రపూర్, రాజురా, ఇటు మా ఊరు, ఎక్కడ చూసినా ఈమధ్య హ్యామ్‌స్టర్ల మోజు బాగా పెరిగింది. చేపల తొట్లు, లవ్ బర్డ్స్ అమ్మే దుకాణాల్లోనే వీటినీ పెడుతున్నారు. కాంబో ఆఫర్ అట: ఒక జోడీ, గులాబీ రంగు తీగల పంజరం, అందులో ఒక చక్రం, నీళ్ల సీసా. ఆ పంజరం చిలకకే ఇరుకు. ఒకసారి దగ్గరగా నిలబడి చూడండి. లోపలున్నవాటిలో ఒకటి మూల ఊచను పళ్లతో పట్టుకుని వదలకుండా కొరుకుతూ ఉంటుంది, అక్కడ రంగంతా లేచిపోయి ఇనుము కనబడుతుంటుంది, దాని ముక్కు మీద బొచ్చు కూడా అరిగి ఎర్రటి తోలు తేలి ఉంటుంది. చూడ్డానికొచ్చిన పిల్లలేమో ఆడుకుంటోందని సంబరపడతారు. ఒక షాపతన్ని ఇదేంటని అడిగితే "కాహీ హోత్ నాహీ భావూ, ఉందీరచ్ ఆహే నా" అన్నాడు. ఏం కాదన్నా, ఎలుకేగా అని!

ఎలుక చుట్టమే, కాదనను. కానీ మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే బంగారు రంగు హ్యామ్‌స్టర్ సిరియాలో అలెప్పో పొలాల ప్రాణి. 1930లో అక్కడ నేల తవ్వి ఒక తల్లినీ దాని పిల్లల్నీ తీశారు, ఇవాళ ప్రపంచమంతా పెంచుతున్నవాటిలో చాలా భాగం ఆ సంతతే. తన సొంత నేల మీద అర మీటరు దాటిన లోతులో బొరియ తవ్వుకుని, గింజలు బుగ్గల్లో కుక్కుకుని మోసుకొచ్చి దాచుకుంటుంది. ఇంట్లో పెంచినా చీకటి పడ్డాక లేచి, చక్రం దొరికితే ఒక్క రాత్రిలో కిలోమీటర్ల కొద్దీ పరిగెడుతుంది. మూలన పడి ఉండే రకం కాదండీ ఇది. పగలు పడుకుంటుంది కాబట్టి మనకలా కనిపిస్తుంది, అంతే.

స్విట్జర్లాండ్‌లో బెర్న్ యూనివర్సిటీ వాళ్లు 2006లో దీని మీదే ఒక పరిశోధన వెలువరించారు. తవ్వుకోవడానికి పంజరం అడుగున కొన్నిటికి 10 సెంటీమీటర్ల మందాన పొట్టు, కొన్నిటికి 40, కొన్నిటికి 80 సెంటీమీటర్లు వేసి చూస్తే, 10 వేసినవే ఊచల్ని మిగతావాటికంటే చాలా ఎక్కువగా కొరికాయి. అంటే ఆ కొరుకుడు ఆట కాదు. మన షాపు పంజరాల్లో ఆ 10 కూడా ఉండదు, అడుగున ట్రే లోతే రెండు వేళ్లు. జర్మనీలో జంతు సంక్షేమం చూసే పశువైద్యుల సంఘం కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలంటుంది. అది కనీసం! రెండంతస్తులు, మూడంతస్తులు అని మెట్లు పెట్టి అమ్మేవి లెక్కలోకి రావు, దానికి కావలసింది ఒకే మట్టాన నేల. పైనుంచి పడితే కాళ్లు విరగ్గొట్టుకుంటుంది కూడా.

అంత పెద్దది ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అంటారా? బల్లార్షాలో ఉండి ఆ మాట అనకూడదు, టేకు డిపోలున్న ఊరు, కార్పెంటర్లకు కొదవా? మా పక్కింటి చెల్లె వాళ్లు మిగిలిపోయిన ప్లైవుడ్‌తోనే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె చేయించారు, ముందువైపు అద్దం, పైన జాలీ మూత. జాలీ కన్ను పావు అంగుళం ఉంటే బెంగ లేదు, చిన్న జాతి హ్యామ్‌స్టర్లయితే సెంటీమీటరు సందులోంచి కూడా దూరిపోతాయి. మూత మొత్తం మూసేస్తే గాలాడక మూత్రం వాసన లోపలే నిలిచి ఊపిరికి చేటు. సామిల్లు రంపపు పొట్టు ఉచితంగా వస్తుందని బస్తా నింపుకొస్తారు, ఆ సన్నటి దుమ్ము మంచిది కాదు. అచ్చు వేయని కాగితం చింపి మందంగా పరవండి, కాగితం మిల్లున్న ఊళ్లో దానికి కరువా? దూది మాత్రం వద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. చక్రం పుల్లల మెట్లది కాకుండా పట్టీ నిండుగా ఉన్నది కొనాలి, బంగారు రంగు పెద్ద జాతికైతే అడ్డంగా 28 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే నడుము వంచి పరిగెత్తాల్సి వస్తుంది. ఇక ఆ జోడీ సంగతి, పెద్ద జాతిలో ఎదిగినవి రెండు ఒకచోట ఉంటే రక్తాలొచ్చేలా కొట్టుకుంటాయి. ఈలోపు ఆడా మగా అయితే పదహారు రోజుల్లో పిల్లలు. ఒక్కటే తెచ్చుకోండి.

ఎండ గురించి చెప్పకపోతే ఎలా. 30 డిగ్రీలు దాటితేనే దీనికి కష్టం, మా జిల్లాలో మే నెలలో 45 దాటడం మామూలే. బాల్కనీలో పిట్ట పంజరంలా వేలాడదీసేవాళ్లున్నారు, ఆ నెలలో మా బాల్కనీలు పెనాలే. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో పెట్టి, పడుకోవడానికి పగిలిన కుండ పెంకో, టైల్ ముక్కో వేయాలి. కూలర్ గాలి సూటిగా తగలనివ్వకూడదు. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో కొనేముందే ఆలోచించుకోవాలి, చేయలేం అనుకుంటే కొనకపోవడమే నయం.

చట్టం లేక కాదు ఇదంతా. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో సెక్షన్ 11 చూడండి, కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో ఏ ప్రాణిని పెట్టినా నేరం. 2018లో వచ్చిన పెట్ షాపుల నిబంధనల్లో హ్యామ్‌స్టర్ పేరు పెట్టి మరీ ఉంది, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. ప్రతి జిల్లాకూ జంతు హింస నివారణ సొసైటీ ఉండాలని 2001 నుంచీ రూల్ ఉంది. కానీ సెక్షన్ 11 కింద మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు, ఆ డబ్బుకు ఆ చక్రం కూడా రాదు. నేను ఒక ఆఫీసుకెళ్లి రిజిస్ట్రేషన్ గురించి అడిగితే "ఎలుకలకి కూడానా" అని నవ్వారు, నేను రాసిచ్చిన కాగితం మాత్రం తీసుకోలేదు.

అందుకే మీకు రాస్తున్నాను. మీ విలేకరిని మా వైపు షాపులకు పంపి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడిగించండి, ఆ సొసైటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో జిల్లా అధికారుల్ని కనుక్కోమనండి. ఈసారి సెలవుల పేజీలో హ్యామ్‌స్టర్ బొమ్మ వేస్తే పక్కన పెట్టె కొలతలు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా