బాయ్‌నెట్ ఇంకా మ్యూజియానికి చేరలేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో డ్రోన్ల యుద్ధం మీద వచ్చిన వ్యాసం చదివాను. డ్రోన్ల గురించి రాసినదంతా బాగుంది, నాకు తెలియని సంగతులూ చాలా ఉన్నాయి. చివరి పేరాలో మాత్రం రచయిత, తుపాకీ కొనకు కత్తి, అంటే బాయ్‌నెట్, తగిలించి గడ్డి మూటల మీదికి ఉరికే శిక్షణను ప్రపంచమంతా ఎప్పుడో వదిలేసిందనీ, మనమే దాన్ని పట్టుకుని వేలాడుతున్నామనీ తేల్చేశారు. దానికి జవాబుగా బుధవారం మీరు అచ్చువేసిన రెండు ఉత్తరాలు ఇంకో దారి పట్టాయి. ఒకాయన బాయ్‌నెట్టే సైనికుడి ఆత్మ అన్నారు. రెండో ఆయన 2020లో చైనా సైనికులతో మనవాళ్లు తలపడ్డ గల్వాన్‌ను సాక్ష్యానికి పిలిచారు. నేను పదాతి దళంలో హవల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ని. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాసు రెజిమెంటు కేంద్రంలో, కొంతకాలం కొత్త కుర్రాళ్లకు ఈ విద్యే నేర్పాను. అందుకని ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది.

ముందు వ్యాసకర్త సంగతి. ప్రపంచమంతా వదిలేసింది అనడానికి ఆయనకు దొరికిన ఆధారం అమెరికా సైన్యం. 2010లో అమెరికా సైన్యం ప్రాథమిక శిక్షణలోంచి బాయ్‌నెట్ దాడి పాఠాన్ని తీసేసిన మాట నిజం. కానీ అదే దేశంలో వేరే దళమైన మెరైన్లు తీయలేదు. వాళ్ల రిక్రూట్లు ఇవాళ్టికీ బాయ్‌నెట్ దాడి మైదానం దాటి రావాల్సిందే. 2003లో వాళ్లు కొత్త నమూనా బాయ్‌నెట్‌ను కూడా తీసుకున్నారు. మ్యూజియానికి పంపే వస్తువుకు ఎవరూ కొత్త నమూనా చేయించరు కదా. బ్రిటిష్ సైన్యమూ మానలేదు. మన దగ్గర సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికా సైన్యం ఎందుకు తీసేసిందో కూడా రాసి ఉంటే వ్యాసం నిండుగా ఉండేది. శిక్షణకు దొరికేది కొన్ని వారాలు. ఇరాక్‌కో అఫ్గానిస్తాన్‌కో వెళ్లబోయే కుర్రాడికి గురి, గాయానికి కట్టు కట్టడం, ఒళ్లు గట్టిపరిచే వ్యాయామం ముందు కావాలి. గంటలు చాలక ఒక పాఠాన్ని పక్కన పెట్టారు. చేతికి చేయి తగిలే పోరాటాన్ని పూర్తిగా వదిలేయలేదు. రెండు చివర్లా మెత్త కట్టిన కర్రలతో కొట్టుకునే సాధన అలాగే ఉంచారు. అది టైంటేబుల్ నిర్ణయం. దాన్ని బాయ్‌నెట్ మీద ఇచ్చిన తీర్పుగా చదివితే ఎలా?

తుపాకీ పొడవు సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని వ్యాసకర్తే కాదు, ఉత్తరాలు రాసినవాళ్లూ తలుచుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిలు మోసిన పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిల్ పొడవు మీటరుకు పైన పదమూడు సెంటీమీటర్లు. దాని కొనకు పదిహేడు అంగుళాల కత్తి. రెండూ కలిస్తే ఈటెతో సమానం. అంత పొడవు ఎందుకంటే, ఆ ఊహ పుట్టిన కాలంలో గుర్రం మీద వచ్చేవాణ్ని నేల మీద నుంచి అందుకోవాలి. నేను నేర్చుకున్నది ఎస్‌ఎల్‌ఆర్ అనే పాత రైఫిల్ మీద, నేర్పింది దాని తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్ మీద. ఇన్సాస్ 96 సెంటీమీటర్లు, అంటే ఎస్‌ఎల్‌ఆర్ కన్నా దాదాపు జానెడు పొట్టి. అమెరికా వాళ్ల ఎం4 తుపాకీ అంతకన్నా పొట్టి, పైగా దాని గొట్టం చుట్టూ దీపాలు, పట్టుపిడులు. ఆ జానెడు పోవడం వల్ల ఏమవుతుందో గడ్డి మూట ముందు నిలబడితే తెలుస్తుంది. అదే దెబ్బకు ఇంకో అడుగు ముందుకు వేయాలి. ఎదుటివాడి చేయి మనకు అందే ముందే మన ముఖం వాడికి అందుతుంది. తుపాకులు పొట్టివయ్యే కొద్దీ బాయ్‌నెట్ బలం తగ్గుతుందన్న మాటను నేను కాదనను. వ్యాసకర్త ఈ వాదన ఎత్తుకుని ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్నే కాదేమో.

ఆయన ఎత్తుకున్నది గాయాల లెక్క. బాయ్‌నెట్ గాయాలు ఎప్పుడూ తక్కువే కాబట్టి అది ఎప్పుడూ పనికిరానిదే అన్నారు. లెక్క తప్పు కాదు. 1861 నుంచి 1865 దాకా సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనిక ఆసుపత్రులు చూసిన రెండు లక్షల పైచిలుకు గాయాల్లో బాయ్‌నెట్‌వీ కత్తివీ కలిపి వెయ్యి కూడా లేవు. కానీ ఆ లెక్కలోకి ఎవరు వస్తారు? నిలబడి పొడిపించుకున్నవాడు వస్తాడు. కత్తి మెరుపు చూసి గుంట వదిలి పారిపోయినవాడు రాడు. 2011లో అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో షాన్ జోన్స్ అనే బ్రిటిష్ కార్పొరల్ తూటాలు కురుస్తుంటే బాయ్‌నెట్లు తగిలించమని తన వాళ్లకు చెప్పి, ఎనభై మీటర్ల బయలు దాటుకుంటూ దూకాడు. ఎదుటివాళ్లు వెనక్కి తగ్గారు. జోన్స్‌కు మిలిటరీ క్రాస్ అనే శౌర్య పతకం ఇచ్చారు. అక్కడ ఆసుపత్రి పుస్తకంలో ఎక్కడానికి ఏముంది?

ఇక ఆత్మ గురించి రాసిన పెద్దాయన. అయ్యా, గడ్డి మూటను పొడిస్తే ధైర్యం పుడుతుందని నేను నమ్మను. పుట్టేది ఏమిటో చెబుతాను.

వెల్లింగ్టన్‌లో ఉదయం పూట మంచు దిగి ఉంటుంది. రాత్రంతా తడిసిన గోనె మూట ఎండు మూటకు రెండింతలు బరువు, కత్తి దిగితే తేలిగ్గా రాదు. ఒక మూట చట్రానికి వేలాడుతుంటుంది, ఒకటి నేల మీద పడి ఉంటుంది, ఒకటి గుంటలో ఉంటుంది. పొడవడం ఎవడైనా ఒక పూటలో నేర్చుకుంటాడు. లాగడమే విద్య. నాలుగైదు అంగుళాలు దిగితే చాలని మా ఉస్తాద్ చెప్పేవాడు, పిడి దాకా దించిన వాణ్ని అక్కడే నిలబెట్టి, ఇప్పుడు ఇంకొకడు నీ మీదికి వస్తున్నాడు, ఏం చేస్తావు అని అడిగేవాడు. కాలు మూటకు తన్ని, వచ్చిన దారినే వెనక్కి లాగి, మళ్లీ కాచుకునే భంగిమలోకి రావాలి. పక్కకు తిప్పి లాగితే ఇరుక్కుంటుంది.

కొత్తవాళ్లు చేసే తప్పులు దాదాపు అందరివీ ఒకటే. పొడిచే క్షణంలో కళ్లు మూసుకుంటారు. మొదటి పది గజాల్లోనే దమ్మంతా పరుగులో పెట్టేసి, చివరి రెండడుగులకు ఊపిరి లేక తూలుతారు. అరవమంటే అరవరు. మా రెజిమెంటు రణనినాదం 'వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు'. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం ఏది ఇంటి భాష అయినా ఆ నాలుగు మాటలు అందరూ అరవాల్సిందే. ఇంట్లో గొంతెత్తి మాట్లాడని పిల్లలు ఉంటారు. వాళ్ల నోట ఆ అరుపు తెప్పించడానికి గురి నేర్పడం కన్నా ఎక్కువ సమయం పట్టేది. అలాగని అరుపే గొప్ప అనుకోవద్దు. అరిచేవాళ్లలో కొందరిని ఆపడం ఇంకా కష్టం. మూట చిరిగి గడ్డి బయటికి వచ్చినా పొడుస్తూనే ఉంటారు. విజిల్ వేసినప్పుడు ఎవడు ఎంత తొందరగా ఆగాడో నేను రాసుకునేవాణ్ని. పొడిచిన తీరుకు వేసే మార్కుల కన్నా నాకు ఆ కాగితమే ముఖ్యం. మనిషిని దగ్గరి నుంచి చంపగలిగే కోపాన్ని ఒక కేకతో రేపి, ఒక విజిల్‌తో దించగలగాలి. తుపాకీతో మూడు వందల గజాల అవతల గురి కొట్టే పాఠంలో ఇది నేర్పలేం, అక్కడ కోపం అవసరమే లేదు కాబట్టి.

దీనికి రుజువు ఇరాక్‌లో ఉంది. 2004 మే 14న అల్ అమారా దగ్గర, బ్రిటిష్ వాళ్లు డానీ బాయ్ అని పేరు పెట్టుకున్న తనిఖీ కేంద్రం వద్ద జరిగిన పోరులో వాళ్ల సైనికులు బాయ్‌నెట్లు తగిలించి గుంటల్లోకి దూకారు. బాయ్‌నెట్‌ను పొగిడేవాళ్లందరూ ఈ కథ చెబుతారు, రెండో సగం చెప్పరు. ఆ రోజు పట్టుబడ్డవాళ్లను శిబిరంలో చంపేశారని ఆరోపణలు వచ్చాయి. ఏళ్ల తరబడి విచారణ నడిచింది. అల్ స్వెడీ విచారణ నివేదిక 2014 డిసెంబరులో వచ్చింది. హత్యల ఆరోపణలకు పునాదే లేదని తేల్చింది. బందీలతో వ్యవహరించిన తీరులో మాత్రం కొన్ని తప్పులు ఎత్తి చూపింది. చేతికి అందే దూరంలో పోరాడి, మరుక్షణం అదే మనిషిని బందీగా కాపాడాల్సిన కుర్రాడి పరిస్థితి ఆలోచించండి. ఆగడం నేర్పకుండా దూకడం ఒక్కటే నేర్పిన సైన్యం ఆ విచారణలో నిలబడేదా?

గల్వాన్ గురించి రాసిన ఆయన మీద నాకు కోపం లేదు. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు పేరు వస్తే మనవాళ్లెవరికైనా గుండె బరువెక్కుతుంది. 2020 జూన్ 15 రాత్రి ఆయనతో కలిపి మన సైనికులు ఇరవై మంది పోయారు. కానీ దాన్ని బాయ్‌నెట్‌కు సాక్ష్యంగా తేవడం సరికాదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని చైనాతో 1996 నాటి ఒప్పందం. మన జవాన్ల దగ్గర ఆయుధాలు ఉన్నాయనీ, ఒప్పందాల ప్రకారం ఏళ్లుగా వస్తున్న పద్ధతి వల్ల వాటిని వాడలేదనీ విదేశాంగ మంత్రే చెప్పారు. బాయ్‌నెట్ రైఫిల్‌లో భాగం. రైఫిల్ పక్కన పెట్టిన చోట అదీ పక్కనే ఉంటుంది. ఆ రాత్రి మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఇనుప కడ్డీలు, రాళ్లు వాడారు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, గడ్డకట్టే చలిలో. అలాంటి చోటికి కావాల్సిన శిక్షణ గుంపుగా కలిసి నిలబడే శిక్షణ, డాలు పట్టే శిక్షణ, చల్లటి నీళ్లలో పడ్డవాణ్ని బతికించే శిక్షణ. సాక్ష్యమే కావాలంటే కార్గిల్‌ను పిలవాల్సింది. 1999 జూలై 4న ఫ్లాట్ టాప్ మీద రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ ఒంటరిగా బంకరు మీదికి వెళ్లి ముగ్గురిని ముఖాముఖి పోరులో చంపాడు, పరమవీర చక్ర పొందాడు. బంకరు నోటి దగ్గర డ్రోన్ పని అయిపోతుంది.

మాది తాడేపల్లిగూడెం మండలంలో, మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరికి దగ్గర. తెల్లవారుజామున సైన్యం కోసం తయారయ్యే కుర్రాళ్లను పరుగెత్తిస్తుంటాను. మైలు పరుగు అయిదున్నర నిమిషాల్లో పూర్తి చేయడం వాళ్ల ప్రస్తుత బాధ. మీ వ్యాసం ఫోనులో చూసి ఒకడు అడిగాడు, మాస్టారూ, అగ్నివీరుగా వెళ్తే మాకు కత్తి నేర్పుతారా, డ్రోన్ నేర్పుతారా అని. నాలుగేళ్ల ఉద్యోగం, అందులో కొద్ది నెలల శిక్షణ, ఆ పైన నలుగురిలో ఒకరే కొనసాగేది. ప్రతి గంటకూ లెక్క చెప్పాలి. నన్నడిగితే బాయ్‌నెట్‌కు పది తరగతులకు మించి ఇవ్వనక్కర్లేదు. అవీ మొదట్లో వద్దు, గురి కుదిరి, తోటివాడి గాయానికి కట్టు కట్టడం వచ్చాక, చివరి వారాల్లో పెట్టాలి. పోటీలు, బహుమతులు, ఊరికే ప్రదర్శనకు చేసే విన్యాసాలు అక్కర్లేదు. మిగిలిన గంటలు డ్రోన్‌కు ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఆ పది తరగతులు మాత్రం తీయకండి. తీస్తే వాటి బదులు ఏం పెడతారో ముందు చెప్పండి. ఎదుటి మనిషి ఊపిరి తగిలేంత దగ్గరగా నేర్పాల్సిన పాఠాన్ని తెర మీద బొమ్మతో నేర్పలేరు.

చివరగా మీ ఉప సంపాదకులకు ఒక విన్నపం. వ్యాసంతో వేసిన ఫొటో కింద 'బాయ్‌నెట్ శిక్షణలో జవాన్లు' అని ఉంది. అది గౌరవ వందనం కవాతు. తెల్ల చేతి తొడుగులు వేసుకుని ఎవరూ గడ్డి మూటను పొడవరు.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దారు,
తాడేపల్లిగూడెం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా