అలైన్‌మెంట్‌కి కాగితం ఇస్తారు, బండి ఎత్తుకి ఎందుకివ్వరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో కార్ల పేజీ నేను వదలకుండా చదువుతాను. కొత్త మోడళ్ళ గురించీ మైలేజీ గురించీ బాగా రాస్తున్నారు గానీ, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్చాక బండి ఒక పక్కకి వంగి నిలబడితే ఏం చూసుకోవాలో ఇంతవరకు ఎక్కడా కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం. నేను చేసేది సస్పెన్షన్ పనే. వేరేచోట మార్పించుకున్నవాళ్ళు "అన్నా, ముందు లేచిపోయింది, వెనక కూర్చుంది, స్ప్రింగులు డూప్లికేటేమో" అంటూ వస్తారు, కొందరైతే అప్పటికే ఒక సెట్ వాపస్ ఇచ్చి ఇంకో సెట్ వేయించి ఉంటారు, అయినా బండి అలాగే ఉంటుంది. చాలా వాటిల్లో స్ప్రింగ్ తప్పేం ఉండదండీ, బిగించిన పద్ధతిలోనే ఉంటుంది.

నేను అడిగేది ఒకటే. వీల్ అలైన్‌మెంట్ చేస్తే ముందెంత ఉంది, తర్వాత ఎంత ఉంది అని ప్రింట్ తీసి చేతిలో పెడతారు కదా, స్ప్రింగులు మార్చినప్పుడు కూడా నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచి జాబ్ కార్డ్ మీద రాయాలి, పనయ్యాక మళ్ళీ కొలిచి పక్కనే రాయాలి. టేపు పట్టుకుంటే ఐదు నిమిషాల పని. అది లేకపోతే గొడవంతా కంటి అంచనా మీదే నడుస్తుంది. పాత స్ప్రింగులు ఏళ్ళ తరబడి కుంగిపోయి ఉంటాయి, ఓనర్‌కి ఆ కుంగిన ఎత్తే అలవాటైపోయి కొత్తవి వేయగానే బండి లేచిపోయిందనిపిస్తుంది, నిజానికి కంపెనీ ఇచ్చిన ఎత్తు అదే అయ్యుండొచ్చు. పోల్చాల్సింది మాన్యువల్లో అంకెతో.

కొలవడం కూడా సరిగ్గా కొలవాలి. చక్రం నడి మధ్య నుంచి నిలువుగా పైన ఫెండర్ (చక్రం మీద కప్పినట్టుండే రేకు) అంచు దాకా కొలిస్తే టైర్లో గాలి ఎంతుంది, టైర్ ఎంత అరిగింది అనే గోల ఉండదు. కొన్ని కంపెనీలు నేల నుంచి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి లాంటి ఇనుము) బోల్ట్ దాకా కొలత ఇస్తాయి, అప్పుడు మాత్రం టైర్ సైజు, గాలి రెండూ కరెక్టుగా ఉండాలి. చదునైన నేల, ఖాళీ డిక్కీ, లోపల ఎవరూ కూర్చోకూడదు. ఫెండర్ ఎప్పుడైనా దెబ్బ తిని సరిచేసిన బండైతే ఆ అంచుని నమ్మొద్దు. ఇంకోటి, జాకీ దించిన వెంటనే అస్సలు కొలవకూడదు, ఎందుకంటే చక్రాలు వేలాడినప్పుడు లోపలికి ముడుచుకుంటాయి, దించాక టైరు నేలకి పట్టేసి పక్కకి జరగలేక బండిని ఎత్తుగానే ఉంచుతుంది. బండిని కొంచెం ముందుకీ వెనక్కీ దొర్లించి, ముందూ వెనకా నొక్కి వదిలాకే టేపు తీయాలి.

ఇక అసలు సంగతి బుష్షులు. లోయర్ ఆర్మ్ బుష్ చేతిలోకి తీసుకుని చూడండి, బయట ఒక ఇనప గొట్టం, లోపల ఒకటి, మధ్యలో రబ్బరు రెండింటికీ అతుక్కుని ఉంటుంది. బోల్ట్ బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కి పట్టేసుకుంటుంది, ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా మెలి తిరిగేది రబ్బరే. బండి లిఫ్ట్ మీద ఉండి చక్రాలు వేలాడుతుంటే అప్పుడే బోల్ట్ ఫుల్లుగా బిగించేశారనుకోండి, కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగిపోయి ఆర్మ్‌ని మళ్ళీ కిందికి తోస్తూ ఉంటుంది, అంటే బండిని పైకి లేపుతూ ఉంటుంది. ఎత్తు తేడా ఒక్కటే కాదు, రోజూ అంత మెలికలో నలిగే రబ్బరు తొందరగా చిరిగిపోతుంది, తర్వాత దాన్ని "నాసిరకం బుష్" అంటారు. దీనికి కొత్త పార్ట్ ఏమీ అక్కర్లేదు. బండి బరువంతా చక్రాల మీద ఉండగా ఆర్మ్ బోల్టులు వదులు చేసి, నొక్కి వదిలి, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి, అంటే చెప్పినంత బిగువుకి, బిగిస్తే చాలు. స్ప్రింగ్ వాపస్ ఇచ్చేముందు ఇదొక్కటి చేసి చూడమని నేను అందరికీ చెప్తాను.

ఒకే పక్క ఎత్తుగా ఉంటే స్ప్రింగ్ కొస చూడాలి. స్ప్రింగ్ కూర్చునే కింది గిన్నెలో చిన్న మెట్టులా ఉంటుంది, స్ప్రింగ్ తోక ఆ మెట్టు దగ్గర ఆగాలి, దాని మీదకి ఎక్కి కూర్చుంటే ఆ మూల లేచిపోతుంది. స్ప్రింగ్ తలకిందులుగా వేసినా అంతే. తర్వాత స్ప్రింగ్‌కీ గిన్నెకీ మధ్య ఉండే రబ్బరు ప్యాడ్, ఒక పక్క పాతదే ఉంచి ఇంకో పక్క కొత్తది వేస్తే, లేకపోతే ఒకటి వేయడమే మర్చిపోతే తేడా వస్తుంది. స్ప్రింగ్ ఆర్మ్ మధ్యలో కూర్చునే బండ్లలో ప్యాడ్ దగ్గర 5 మిల్లీమీటర్ల తేడా చక్రం దగ్గరికొచ్చేసరికి 10 దాకా అవుతుంది. స్ట్రట్‌ని (షాకూ స్ప్రింగూ కలిపి ఒకటిగా ఉండేది) నకిల్‌లోకి, అంటే చక్రం తిరిగే హబ్‌ని పట్టుకునే ఇనప ముక్కలోకి, దూర్చి క్లాంప్ బోల్ట్‌తో పట్టించే బండ్లైతే అది అడుగు దాకా దిగిందో లేదో కూడా చూడాలి.

పార్ట్ నంబర్ సంగతి వేరు. ఒకే మోడల్లో డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి ముందు స్ప్రింగులు పెట్రోల్ దానికి వేరే ఉండొచ్చు, కొన్ని బండ్లలో కుడీ ఎడమా కూడా వేరు. స్ప్రింగ్ మీద రంగు గీతలుంటాయి చూడండి, అవి అందుకే, పాతదాని మీద గీతలు తుడిచి చూసుకోవాలి.

షాక్ మార్చడం వల్లే బండి కూర్చుందనేవాళ్ళకి ఒక మాట. బరువు మోసేది స్ప్రింగ్, షాక్ పని ఊపు ఆపడం. గ్యాస్ షాక్ కొద్దిగా పైకి తోస్తుంది గానీ అది కొన్ని మిల్లీమీటర్లే. అయితే స్ట్రట్‌కే స్ప్రింగ్ గిన్నె వెల్డ్ చేసి ఉంటుంది, వేరే వేరియంట్ స్ట్రట్ వేస్తే గిన్నె ఎత్తు మారి బండి ఎత్తూ మారుతుంది. అలాగే వెనక సెల్ఫ్ లెవెలింగ్ షాకులతో (బరువు పడ్డా ఎత్తుని తామే సరిచేసుకునేవి) వచ్చిన బండికి అవి పీకేసి మామూలువి వేసి, స్ప్రింగులు మాత్రం పాతవే ఉంచితే వెనక కుంగుతుంది, అక్కడ నిజంగానే షాక్ కూడా బరువు మోసేది కాబట్టి.

ఏ మూలలో తప్పుందో తెలియకపోతే ఇలా చేయండి. ఒక మూల ఎత్తైతే దానికి ఐమూలగా ఉన్న మూల (ముందు ఎడమైతే వెనక కుడి) కూడా తేడా చూపిస్తుంది, అందుకే మనుషులు తప్పు చక్రం విప్పుతారు. ముందు భాగాన్ని సరిగ్గా మధ్యలో, కంపెనీ చెప్పిన జాకీ పాయింట్ ఉన్న బండైతేనే, జాకీతో లేపి వెనక చూడండి. వెనక రెండు పక్కలా సమానమైపోతే తప్పు ముందు భాగంలోనే ఉంది, అప్పటికీ వంకరగా ఉంటే వెనక భాగంలోనే. స్టెబిలైజర్ (కుడి ఎడమ చక్రాల సస్పెన్షన్‌ని కలిపే కడ్డీ) లింక్ రాడ్ విప్పి బండి మళ్ళీ కిందికి దించి చూస్తే అది లాగుతోందా లేదా కూడా తేలుతుంది. జాకీ మీద ఉండగా కిందికి మాత్రం దూరొద్దు.

ఇదంతా అందం కోసం చెప్పట్లేదండీ. ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువుగా ఎంత వంగింది), టో (చక్రాలు ముందు వైపు ఎంత లోపలికి లేదా బయటికి తిరిగున్నాయి) మారి టైర్ ఒక అంచున తినేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళల్లో పడతాయి, కొన్ని బండ్లలో వెనక యాక్సిల్‌కి ఉండే లోడ్ సెన్సింగ్ వాల్వ్ వెనక బ్రేకులకి వెళ్ళే ప్రెషరే మార్చేస్తుంది. అందుకే ముందు ఎత్తు తేల్చాలి, అలైన్‌మెంట్ ఆ తర్వాతే. తేలకముందే అలైన్‌మెంట్ చేయిస్తే ఆ ప్రింట్ దేనికీ పనికిరాదు, మళ్ళీ చేయించాల్సిందే.

మీ కార్ల పేజీలో ఈ విషయం బొమ్మలతో వేయండి, కొలిచే చోటు ఎక్కడో గీసి చూపించండి. వర్క్‌షాపు ఓనర్లకి కూడా నా విన్నపం, జాబ్ కార్డ్‌లో పనికి ముందు కొలతలకి నాలుగు గళ్ళు, పనయ్యాక కొలతలకి నాలుగు గళ్ళు అచ్చేయించండి. బండిని పనికిచ్చేవాళ్ళు మెకానిక్ చేతికి తాళం ఇచ్చేముందే ఆ నాలుగు అంకెలు రాయమని అడగండి.

ఇట్లు,
ఒక సస్పెన్షన్ మెకానిక్